గుంటూరును భయపెట్టిన జీబీఎస్: పేరు కొత్త, జబ్బు పాతది

2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో జీబీఎస్‌కు చికిత్స పొందుతున్న ఒక మహిళ చనిపోయారు. ఆ వారమంతా టీవీల్లో, ఫోన్లలో 'జీబీఎస్ వైరస్' అన్న మాటే తిరిగింది. అంతకు కొద్ది రోజుల ముందే గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. జనం రెండింటినీ ఒక గాటన కట్టేశారు. కోడికూర తినొచ్చా, ఆసుపత్రి వైపు వెళ్లొచ్చా అని ఒకటే ప్రశ్నలు.

జీబీఎస్ వైరస్ కాదు. పక్కవాళ్లకు అంటుకోదు. గిలియన్ బారే సిండ్రోమ్ అనే ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే మన నరాల మీదికి తిరగబడుతుంది. మెదడు, వెన్నుపాము బాగానే ఉంటాయి. వాటి నుంచి కాళ్లకూ చేతులకూ ఊపిరి కండరాలకూ ఆజ్ఞలు మోసుకెళ్లే నరాలు దెబ్బతింటాయి. ప్రపంచమంతటా ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి ఇది వస్తుంది. ఐదు కోట్ల మంది ఉన్న మన రాష్ట్రంలో ఆ లెక్కన ఏడాదికి 500 నుంచి 1000 కేసులు ఉండాలి. అంటే ఆ ఫిబ్రవరికి ముందూ మన మధ్య ఉన్నదే. మనం దాన్ని వేరే పేర్లతో పిలిచాం, అంతే.

ఆ పేర్లలో మొదటిది 'నరాల బలహీనత'. మన భాషలో నరం అంటే రెండు. సెలైన్ పెట్టే నర్సు 'నరం దొరకడం లేదు' అంటే అది రక్తనాళం. డాక్టరు 'నరం దెబ్బతింది' అంటే కబురు మోసే తీగ. ఈ రెండూ కలిసిపోయి, తిమ్మిరొచ్చినా, నీరసమొచ్చినా, కాలు లాగినా అన్నిటికీ ఒకటే మాట, ఒకటే బీ కాంప్లెక్స్ ఇంజెక్షను.

రెండో పేరు పక్షవాతం. మాటలోనే ఉంది, అది ఒక పక్క పడిపోవడం. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా నిమిషాల్లో వస్తుంది. జీబీఎస్ అలా రాదు. రెండు పాదాల్లో తిమ్మిరితో మొదలై, మోకాళ్లకు, నడుముకు, చేతులకు, ఒక్కోసారి గొంతుకూ ఛాతీకీ పాకుతుంది. ఫ్రెంచి వైద్యుడు లాండ్రీ 1859లోనే ఈ 'పైకి పాకే పక్షవాతం' గురించి రాశాడు.

1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఫ్రెంచి సైన్యపు వైద్యులు గిలియన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికులను పరీక్షించారు. కాళ్లలో బలం లేదు, మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరలేదు. నడుములోంచి తీసిన వెన్నునీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మాత్రం పెరగలేదు. ఇన్ఫెక్షనైతే కణాలు పెరగాలి. ఈ తేడాయే ఇవాళ్టికీ డాక్టర్లు చూసే గుర్తు. నరాల ప్రతిస్పందనను యంత్రంతో కొలిచింది స్ట్రోల్. 1927 నాటికే జబ్బు పేరులోంచి ఆయన తప్పిపోయారు. ముగ్గురూ కలిసి చేసిన పనికి ఇద్దరి పేరే మిగలడం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

నిరోధక శక్తి ఎందుకు తిరగబడుతుందో తెలియడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. జబ్బు పడ్డవాళ్లలో చాలామందికి రెండు మూడు వారాల ముందు జలుబో జ్వరమో విరేచనాలో వచ్చి ఉంటాయి. విరేచనాలకు కారణమైన వాటిలో క్యాంపిలోబ్యాక్టర్ అనే క్రిమి ముఖ్యమైనది. కోళ్ల పేగుల్లో ఉంటుంది. కలుషితమైన నీటి ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా మనకు వస్తుంది. దాని పైపొరలోని చక్కెర గొలుసు మన నరాల పైపొరలో ఉన్నదానికి అచ్చుగుద్దినట్టు ఉంటుందని 1990ల్లో జపాన్ పరిశోధకుడు నొబుహిరో యుకి, ఆయన సహచరులు చూపించారు. క్రిమిని చంపడానికి మన ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలు, అదే యాంటీబాడీలు, ఆ పోలిక చూసి నరాన్ని పట్టుకుంటాయి. ఆ ఫిబ్రవరిలో కోడికూర గురించి జనం అడిగిన ప్రశ్న బర్డ్ ఫ్లూ భయంతో అడిగిందే అయినా, బాగా ఉడికించి తినాలన్న జవాబు జీబీఎస్‌కూ సరిపోతుంది.

2025 జనవరిలో పుణెలో, సింహగడ్ రోడ్డు చుట్టుపక్కల ఒక్కసారిగా పదుల కొద్దీ కేసులు వచ్చినప్పుడు పరీక్షల్లో దొరికిన వాటిలో ఈ క్రిమి కూడా ఉంది. వేళ్లన్నీ నీళ్ల వైపే చూపించాయి. నీళ్ల సంగతి గుంటూరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 మార్చిలో ఆనందపేట, ఆ చుట్టుపక్కల వీధుల్లో మంచినీటి గొట్టంలో మురుగు కలిసి వందల మంది విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు మనం విరేచనాలు తగ్గాయా లేదా అని చూసి వదిలేస్తాం. రెండు వారాల తర్వాత కాళ్లు తిమ్మిరెక్కితే దానికీ దీనికీ ముడి వేసేవాళ్లు ఉండరు.

మా పిన్ని విషయంలో జరిగింది అదే. 2016 ఎండాకాలంలో ఆవిడ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఒకరోజు తొడిమ వేళ్ల మధ్య నిలవడం లేదంది. సాయంత్రం పని దిగేటప్పుడు కింద కూర్చున్న మనిషి లేవలేకపోయింది. పక్కావిడ చంకల కింద చేతులు వేసి లేపింది. వీధి చివర ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని మూడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. తర్వాత ఎవరో పక్షవాతమన్నారు, పసరు కోసం ఒక ఊరు తీసుకెళ్లాం. పదిహేను రోజుల కిందట ఆవిడకు విరేచనాలైన సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆసుపత్రిలో చేర్చేసరికి తొమ్మిదో రోజు.

అక్కడ డాక్టరమ్మ ముందు చేసింది స్కానింగు కాదు. 'గట్టిగా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టమ్మా' అంది. పిన్ని పద్దెనిమిది దాకా పెట్టింది. మర్నాడు పొద్దున పదకొండు దగ్గర ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే వెంటిలేటర్ పెట్టారు. జీబీఎస్ వచ్చినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి అది అవసరమవుతుంది. ఊపిరి తగ్గుతున్న సంగతి ముందే పసిగడితే ప్రాణం నిలుస్తుంది.

మందుల చరిత్ర చిన్నది. శరీరం నుంచి రక్తం తీసి, అందులోని ప్లాస్మాను, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవాన్ని, వేరుచేసి మార్చే పద్ధతి పనిచేస్తుందని 1985లో ఉత్తర అమెరికాలో, 1987లో ఫ్రాన్సులో జరిగిన పరీక్షలు తేల్చాయి. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసే ఇమ్యూనోగ్లోబులిన్, అదే ఐవీఐజీ, దానికి దీటుగా పనిచేస్తుందని 1992లో నెదర్లాండ్స్ వైద్యులు చూపించారు. స్టెరాయిడ్ మాత్రలు దీనికి పనిచేయవు. ఐవీఐజీ కిలో బరువుకు రెండు గ్రాములు, మామూలుగా ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. అరవై కిలోల మనిషికి 120 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు 24. ఒక్కో సీసా ధర వేలల్లో. బాబాయి ఆవిడ గాజులు తాకట్టు పెట్టింది ఆ సీసాల కోసమే. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వాసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్లు ఉంచామని ఆరోగ్య శాఖ ప్రకటించినప్పుడు నాకు ఆ గాజులే గుర్తొచ్చాయి. జనంలో భయం తగ్గాక కూడా ఆ సరఫరా ఆగకూడదు.

లెక్కల సంగతి ఒకటి చెప్పాలి. పిల్లల విషయంలో మన దగ్గర పద్ధతి ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడితే పోలియో నిఘా కింద వెంటనే కబురు పంపాలి, 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనా తీయాలి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. ఆ తర్వాతా నిఘా ఆగలేదు, అందులో బయటపడే వాటిలో జీబీఎస్‌దే పెద్ద వాటా. పెద్దవాళ్లకు అలాంటి లెక్కల పుస్తకం లేదు. మిర్చి యార్డు కూలీకి, పల్నాడు రైతుకు కాళ్లు పడిపోతే అది ఏ పట్టికలోకీ వెళ్లదు.

పిన్ని పద్దెనిమిది రోజులు వెంటిలేటర్ మీద ఉంది. నాలుగో నెలలో గోడ పట్టుకుని నడిచింది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఐదో వంతు మంది ఆరు నెలలైనా సాయం లేకుండా నడవలేరు. ఆవిడ నడుస్తోంది. అరికాళ్లలో తిమ్మిరి మాత్రం పోలేదు. చెప్పు జారిపోయినా తెలియదు కాబట్టి వెనక పట్టీ ఉన్నవే వేసుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే క్యాలెండర్ మీద ఆ తారీఖు చుట్టూ సున్నా చుట్టి, మూడు వారాల దాకా రోజూ పొద్దున్నే అడుగుతుంది, 'కాళ్లు ఎలా ఉన్నాయిరా' అని.