పిల్లల బూట్లు చెప్పిన అపాచీల ప్రయాణం

అపాచీ హెలికాప్టర్ల బాడీలు హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో తయారవుతున్నాయి. ఆ వార్త చదివిన ఒక డిగ్రీ విద్యార్థి "అసలు అపాచీలంటే ఎవరండీ? ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. అమెరికా నైరుతి ప్రాంతంలో ఉండే చిరికావా, మెస్కలేరో, హికరీయా, లిపాన్ లాంటి జనాలందరికీ కలిపి ఉన్న పేరది. రెండోదే అసలు ప్రశ్న. పక్కనున్న నవాహో అనే జనం భాషని వదిలేస్తే, వాళ్ల భాషకు చుట్టాలైన భాషలు చాలావరకు వేల కిలోమీటర్ల ఉత్తరాన, కెనడా, అలాస్కా మంచు అడవుల్లో ఉన్నాయి!

మరి దారిలో ఆనవాళ్లేవి? గుడారం ఎత్తేశాక నేల మీద మిగిలేది తక్కువ. మన పాఠ్యపుస్తకాలు కోటలు, శాసనాలు ఉన్నవాళ్లకే చరిత్ర ఉన్నట్టు నేర్పుతాయి. సంచార జనం విషయంలో ఇది పెద్ద అన్యాయం.

అయినా కొన్ని ఆనవాళ్లు మిగిలాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు ఒడ్డున ప్రామంటరీ గుహలున్నాయి. 1930-31లో జూలియన్ స్టీవర్డ్ అనే మానవశాస్త్రవేత్త అక్కడ తవ్వితే మొకాసిన్లు, అంటే తోలు బూట్లు, వందల్లో దొరికాయి. తోలును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తడి కావాలి. ఆ గుహల్లో తడి లేదు. బూట్లు అరిగి, మాసికలు పడి, ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి.

వాటి కుట్టు చూడండి. మెత్తటి తోలును అరికాలి కింది నుంచి పైకి మడిచి, వేళ్ల దగ్గర చీర కుచ్చిళ్లలా ముడతలు పెట్టి కుట్టారు. చీలమండకు వేరే పట్టీ. అక్కడ ముందునుంచీ ఉన్న ఫ్రీమాంట్ జనం ఇలా కుట్టరు. వాళ్లు జింక కాలి తోలును చిన్న గిట్టలతో సహా వాడేవారు, నడిచేటప్పుడు పట్టు దొరకడానికి. కుచ్చిళ్ల పద్ధతి ఉత్తరాది అడవులది. ఇది ఉత్తరం నుంచి వచ్చినవాళ్ల, బహుశా అపాచీల పూర్వీకుల, పనే అయ్యుంటుందని స్టీవర్డ్ అప్పుడే ఊహించాడు.

2011 నుంచి పురావస్తు శాస్త్రవేత్త జాన్ ఐవ్స్ బృందం మళ్లీ తవ్వింది. పాత వస్తువుల వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షలో బూట్లు 13వ శతాబ్దానివని తేలింది. ఇక్కడ తోలుకో గొప్ప సుగుణం ఉంది. పొయ్యిలోని బొగ్గును పరీక్షిస్తే చెట్టు వయసు కూడా కలిసిపోతుంది. ఎడారిలో వందేళ్ల కిందట ఎండిన మాను కూడా వంటచెరకవుతుంది కదా! తోలుకు ఆ బెడద లేదు. జంతువు చచ్చిన కొద్దికాలానికే బూటు తయారవుతుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం సైజుల లెక్క. మనిషి పాదం పొడవు ఎత్తులో సుమారు 15 శాతం. 18 సెంటీమీటర్ల పాదమంటే దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తు, అంటే ఆరేడేళ్ల పిల్లో పిల్లాడో. పిల్లల్లో ఈ పాళ్లు కాస్త మారతాయి కాబట్టి ఎదుగుదల పట్టికలతో సరిచూడాలి. బూటు పాదం కంటే కొంచెం పెద్దది, దాన్నీ తీసేయాలి. ఇలా కొలిస్తే ఎక్కువ బూట్లు పిల్లలవే అని తేలింది. బూట్ల లెక్క మనుషుల లెక్క కాదన్నది నిజమే. పిల్లాడి పాదం పెరిగి బూటు త్వరగా బిగుతైపోతుంది. వేటగాడు నడిచి నడిచి తనది అరగదీస్తాడు. ఈ రెండు పొరపాట్లూ ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి. ఎలా చూసినా అది ఆకలితో చితికిపోయిన గుంపు కాదు, పిల్లాపాపలతో పెరుగుతున్న జనం. గుహల్లో బైసన్, అంటే అమెరికా అడవిదున్న, ఎముకలు కూడా పుష్కలంగా దొరికాయి.

ఒక చీలమండ పట్టీ ఇంకో విషయం చెప్పింది. జొన్న, మొక్కజొన్న లాంటి వేడి ప్రాంతపు గడ్డిజాతుల్లో కార్బన్-13, అంటే కాస్త బరువైన ఒక రకం కార్బన్, పాలు ఎక్కువ. ఆ గడ్డి మేసిన జంతువు తోలులోనూ అది ఎక్కువే. ఆ పట్టీ తోలు అలాంటిదే. ఆ బైసన్ గుహలకు చాలా దూరాన, దక్షిణానో తూర్పునో మేసి ఉంటుందని 2021లో ప్రచురించిన ఐసోటోప్ (ఇలాంటి కార్బన్ రకాల) పరిశోధన చెప్పింది. అంటే గుహల్లో ఉంటూనే దూరప్రాంతాలతో సంబంధాలు పెట్టుకున్నట్టుంది.

1541లో స్పానిష్ సేనాని కొరొనాడో సైన్యం అమెరికా దక్షిణ మైదానాల్లో కెరెచోలనే జనాన్ని చూసింది. బైసన్ తోలు గుడారాలు, సామాను లాగే కుక్కలు. వీళ్లు అపాచీల పూర్వీకులేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సినిమాల్లో కనిపించే గుర్రపు రౌతు ఆ తరువాతివాడు. గుర్రాలు స్పానిష్ వాళ్లతో వచ్చాయి.