డుడుమ నీళ్ల సంగతి

పండూ, చిన్నీ,

మొన్న డుడుమ జలపాతం దగ్గర మీరు అడిగినవాటికి నేను జవాబులు చెబుతూనే ఉన్నాను కానీ, ఆ హోరులో మీకు ఒక్క ముక్క కూడా వినపడలేదని కారెక్కాక మీ మొహాలు చూస్తే అర్థమైంది. కారులోనేమో మీ నాన్న ఎవరూ మాట్లాడొద్దన్నారు, బయట పొగమంచు, ముందు లారీ. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నారు, తెల్లారగానే రాజమండ్రి ప్రయాణం. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో దూరి తడిబట్టలు ఆరేశారా, టవల్ అక్కడే మర్చిపోయామా అని మొదలుపెడుతుంది. అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఒక్కసారే చదవక్కర్లేదు.

పండు దిగగానే అన్న మాట, "వీడియోలో ఉన్నన్ని నీళ్లు లేవేంటి అమ్మమ్మా, మోసం!" అని. మోసమేమీ లేదు రా. ఆ నీళ్లు అక్కడిదాకా ఎలా వస్తాయో తెలిస్తే, అసలు ఆ మాత్రం పడుతున్నందుకే ఆశ్చర్యపోతావు.

ఈ నది పుట్టేది ఒడిశాలో కాదు, మన ఆంధ్రా వైపు మాడుగుల కొండల్లో. పాడేరు దగ్గర మత్స్యగుండం ఉంది చూడు, చేపల్ని ఎవరూ పట్టకుండా దేవుడి చేపలని చూసుకునే మడుగు, అదీ ఈ నదిలోదే. అక్కడి నుంచి ఉత్తరంగా వచ్చి రెండు రాష్ట్రాలకూ సరిహద్దుగా పారుతుంది. మాచ్‌ఖండ్ అంటాం. దారిలో ముందు జోలాపుట్ దగ్గర పెద్ద డ్యాం కట్టి ఆపారు, దాని నిండు మట్టం సముద్రమట్టానికి 2750 అడుగుల ఎత్తున. అక్కడి నుంచి వదిలిన నీళ్లు కిందికొచ్చి డుడుమ డ్యాంలో చేరతాయి, దాని నిండు మట్టం 2590. ఆ రెండో డ్యాం దాటాక కొండ అంచు వచ్చేస్తుంది, నది కాలు జారినట్టు 175 మీటర్లు కిందపడుతుంది. అడుగుల్లో అయితే 574.

అయితే ఆ అంచు దాకా వచ్చిన నీళ్లన్నీ దూకవు. ఎక్కువ భాగాన్ని డ్యాం దగ్గరే పక్కకు మళ్లించి, కొండ వెంట తీసుకెళ్లి, లావుపాటి ఇనుప గొట్టాల్లో కిందికి వదులుతారు. పెన్‌స్టాకులంటారు వాటిని. అవే నీళ్లు, కాకపోతే గాలిలో కాకుండా గొట్టంలో పడతాయి. కింద లోయలో పవర్‌హౌస్, అందులో కరెంటు తీసే యూనిట్లు ఆరు, మొత్తం 120 మెగావాట్లు. మద్రాసు రాష్ట్రం, ఒరిస్సా కలిసి మొదలుపెట్టిన పని ఇది. మన వైపు ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడ్డాక, 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు వచ్చి ప్రారంభించారు. ఇప్పటికీ రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టే. మీ తాతయ్య పనిచేసింది అక్కడే. ఒనకడిల్లి అనే ఊళ్లో క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, డ్యూటీకి వెళ్లాలంటే పట్టాల మీద తాడుతో దింపే వించ్ ఎక్కి లోయలోకి దిగాలి. వానాకాలంలో ఆ వించ్ పొగమంచులోకి దిగి మాయమైపోతుంటే పైన నిలబడి చూసేవాళ్లకి గుండెల్లో దడ, ఆయనకేమో అది సిటీ బస్సు ఎక్కినంత మామూలు. నన్ను తీసుకెళ్లమంటే ఎప్పుడూ ఏదో వంక చెప్పేవారు.

కాబట్టి వేసవిలో వస్తే డుడుమ పల్చగా కనిపిస్తుంది, రాతి మీద తెల్లటి చారలు అంతే. వానలు బాగా పడి రెండు డ్యాములూ నిండి, పవర్‌హౌస్ వాడుకోగా ఇంకా మిగిలితే అప్పుడు గేట్లెత్తుతారు. నువ్వు చూసిన వీడియో అలాంటి రోజు తీసినది. మనం వెళ్లింది జులైలో, జోలాపుట్ ఇంకా నిండలేదు. మనం చూసిన దాంట్లో చాలావరకు డ్యాంకి దిగువన ఆ చుట్టుపక్కల వాగుల్లోంచి వచ్చిన వాననీరే.

ఇప్పుడు నేను పండుని అందరి ముందూ గట్టిగా అరిచిన సంగతి. వాడు ఇంకా అలిగే ఉన్నాడని మీ అమ్మ చెప్పింది, అలగనీ. ఆ బండ మీదికి దిగితే ఫోటో బాగా వస్తుందన్నాడు. ఎండ కూడా వచ్చింది కదా అన్నాడు. ఎండ వచ్చింది మన నెత్తి మీద. పైన కొండల్లో వాన పడుతోందో లేదో మనకి కనపడదు. అక్కడ ఒక గంట కుండపోతగా కురిస్తే ఆ నీళ్లు వాగుల్లో చేరి మన దగ్గరికొచ్చేసరికి ఇక్కడ ఆకాశం నీలంగా ఉండొచ్చు. దానికి తోడు పైన డ్యాం. 2025 ఆగస్టులో ఇదే డుడుమ దగ్గర బరంపురం నుంచి స్నేహితులతో వచ్చిన 22 ఏళ్ల అబ్బాయి వీడియో కోసం నది మధ్య బండ మీద నిలబడ్డాడు, పైన వానలకి డ్యాం నుంచి నీళ్లు వదిలారు, చూస్తుండగా బండ చుట్టూ నీరు పెరిగిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు వేసి లాగాలని చూశారు, వాళ్ల వల్ల కాలేదు, కొట్టుకుపోయాడు. అదంతా ఫోన్లో రికార్డయి ఊరూరా తిరిగింది. నేను చూడలేదు, చూడను కూడా. మీరు ఎక్కడైనా కనిపిస్తే చూడకండి.

ఏ జలపాతం దగ్గరైనా, ఏ వాగు దగ్గరైనా ఈ గుర్తులు తెలుసుకోండి. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, చెత్తాచెదారం, ఎండుపుల్లలు, ఆకులు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినట్టనిపించినా, ఇందాక కనిపించిన రాయి ఇప్పుడు కనపడకపోయినా పైన ఏదో జరిగిందని అర్థం. సైరన్ వినిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు. అప్పుడు ఒడ్డు వెంబడి పరిగెత్తకూడదు, చెప్పులూ బ్యాగూ ఏరుకోకూడదు, పైకి ఎక్కాలి. నీళ్లు ఎర్రబడ్డం మొన్న ముందు చూసింది చిన్నియే. "అమ్మమ్మా, టీ రంగు అయిపోయింది" అంది, గుర్తుందా? దాని మాట వినే మనందరం వ్యూ పాయింట్ మెట్లు ఎక్కేశాం.

చిన్ని అడిగింది వేరే. ఇన్ని నీళ్లు ఎక్కడికి పోతాయి అని. అసలు మంచి ప్రశ్న అది.

మీ ఊరికే వస్తాయి. కింద పవర్‌హౌస్‌లోంచి బయటికొచ్చిన నీళ్లు, గాలిలో దూకిన నీళ్లు మళ్లీ కలిసిపోయి దక్షిణం వైపు తిరుగుతాయి, అక్కడి నుంచి దాన్ని సీలేరు అంటారు. బలిమెల జలాశయంలో ఆగుతాయి. ఆ నీళ్లని రెండు రాష్ట్రాలూ చెరి సగం పంచుకుంటాయి. ఒడిశా వాటా బలిమెల పవర్‌హౌస్‌కి వెళ్తుంది. ఆంధ్రా వాటా ఎగువ సీలేరులో ఒకసారి, డొంకరాయిలో ఒకసారి, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో ఇంకోసారి కరెంటు తీసి పంపిస్తుంది. చూశారా, ఒకే నీటిచుక్క ఎన్నిసార్లు పని చేస్తుందో, మధ్యలో ఎక్కడా కూర్చోనివ్వరు. తర్వాత మోటు అనే చోట శబరిలో కలుస్తుంది. ఆ శబరి ఎవరనుకున్నారు, మన కొరాపుట్ కొలాబే. మనం జయపురం వచ్చే దారిలో ఎడంపక్క చూపించానే, ఆ నీళ్లే. ఇక్కడ విడివిడిగా బయలుదేరిన రెండూ అక్కడ కలుసుకుని, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, పాపికొండల మధ్య నుంచి మీ పుష్కర ఘాట్‌కి వస్తాయి. జులైలో రాజమండ్రిలో "ఎర్రనీరు వచ్చింది" అంటారు కదా, ఆ ఎరుపులో మహారాష్ట్ర మట్టి ఉంటుంది, తెలంగాణ మట్టి ఉంటుంది, మా కొరాపుట్ కొండల మట్టి కూడా కొంత ఉంటుంది.

ఇంకో సంగతి. వేసవి ముదిరే ముందు గోదావరిలో నీళ్లు తగ్గిపోతాయి, అప్పటికి డెల్టాలో దాళ్వా వరి, అంటే రెండో పంట, ఇంకా పొట్ట దశలో ఉంటుంది. ఆ పంట ఎండిపోకుండా ధవళేశ్వరం కాలువలకి సీలేరు నుంచి నీళ్లు వదలమని అడుగుతారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసినప్పుడు ఆ ఏర్పాటు లేదు, కొండల్లో జలాశయాలు కట్టాక వచ్చిన సౌకర్యం ఇది. అంటే పండూ, వానాకాలంలో జోలాపుట్‌లో, బలిమెలలో దాచుకున్న నీళ్లు వేసవిలో మీ అన్నంలోకి వస్తున్నాయి. జలపాతాన్ని పాడు చేశారని నువ్వు అన్న మాట పూర్తిగా తప్పని నేను అనను. కానీ మన ఇంట్లో ఫ్యాను తిరుగుతూ, కంచంలో అన్నం ఉండగా అనే మాట అది.

అలాగని అంతా బాగుందనీ అనను. జోలాపుట్ నీళ్ల కింద ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. అవి వదిలేసి కొండల పైకి పోయినవాళ్లలో ఎక్కువమంది గిరిజనులే. బలిమెల నిండాక 150కి పైగా పల్లెలు మూడు వైపులా నీళ్లతో మిగతా ప్రపంచానికి దూరమైపోయాయి. జ్వరమొస్తే పడవ, బియ్యానికి పడవ, కాన్పుకి కూడా పడవే. వాళ్లకి గురుప్రియ వంతెన వచ్చింది 2018 జులైలో, ఎన్ని దశాబ్దాల తర్వాతో లెక్కేసుకోండి. మేం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు రాత్రి బయటికొస్తే మా కాలనీ అంతా లైట్లు, ఎదురు కొండ మీద పల్లెలో మంట వెలుగు తప్ప ఏమీ ఉండేది కాదు. ఈ కరెంటు తయారయ్యేది వాళ్ల కొండ కిందే. తాతయ్యని అడిగితే, "లైన్లు వేయడం నా డిపార్ట్‌మెంట్ కాదు" అనేవారు. నాకు ఆ జవాబు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

దారిలో పూసలు వేసుకుని నడిచి వెళ్తున్న బోండా గిరిజన ముసలమ్మని ఫోటో తీయబోతే నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది ఎందుకో కూడా చెబుతాను. ఆవిడ తన పని మీద తను సంతకి వెళ్తోంది, మనకి చూపించడానికి రాలేదు. మీ నానమ్మ గుడికి వెళ్తుంటే ఎవరో కారాపి ముఖం మీద ఫోన్ పెడితే ఊరుకుంటారా? అడిగి, ఒప్పుకుంటే తీసుకోండి. అడగడానికి మాట రాదంటావేమో, వాళ్ల సొంత భాష రెమో మనకి రాదు కానీ ఈ జిల్లా అంతా నడిచే దేశియా నాకు వచ్చు, నేను అడుగుతాను. వద్దంటే వద్దు.

ఇక ఘాట్ రోడ్డు. సాలూరు ఘాట్ దిగేటప్పుడు కారు తనంతట తనే జారుతుంటే నాన్న రెండో గేర్‌లో ఎందుకు గురగురలాడిస్తున్నారు, న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుంది కదా అన్నావుట చిన్నీ. అలా వదిలేస్తే బండిని ఆపే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మలుపు మలుపుకీ తొక్కి తొక్కి బ్రేకులు కాలిపోతాయి, కాలిన బ్రేకు పట్టదు. సుంకి దాటాక ఒక లారీ దగ్గర మాడు వాసన వచ్చి నువ్వు ముక్కు మూసుకున్నావు చూడు, అదే అది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇంకొకటి, ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, ఎందుకంటే ఎక్కేవాడు మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం. మీ నాన్న ఇవన్నీ బాగానే పాటిస్తారు. పొగమంచులో నాలుగు లైట్లూ టపటపలాడిస్తూ నడిపారు చూడు, అది మాత్రం వద్దు, ఏ పక్కకి తిరుగుతున్నామో వెనకవాడికి తెలియదు. అల్లుడు గారికి నేను చెప్పలేను, మీరు చెప్పండి, నా పేరు ఎత్తకుండా.

చిన్నికి వాంతులు ఎందుకయ్యాయని కూడా అడిగారు. మలుపుల్లో తల వంచుకుని ఫోను చూస్తే అవుతాయి, ఇంక దానికి పెద్ద కారణం లేదు. దోమల సంగతి గుర్తుందిగా, ఇది మలేరియా జిల్లా, వెళ్లాక కొన్ని వారాల దాకా ఎవరికైనా జ్వరమొస్తే వానలో తడిసినందుకని ఊరుకోకుండా కొరాపుట్ వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి రక్త పరీక్ష చేయించమని మీ అమ్మతో చెప్పండి.

మళ్లీ దసరా సెలవులకి రండి. జోలాపుట్ అప్పటికి నిండుతుంది, జలపాతంలో నీళ్లుంటాయి, దారిలో ఇంత బురద ఉండదు. జయపురం దసరాకి చుట్టుపక్కల పల్లెల నుంచి దేవతల్ని లాఠీల రూపంలో ఊరేగింపుగా తెస్తారు, అది చూడాలి మీరు. ఒనకడిల్లి సంత గురువారం జరుగుతుంది కాబట్టి మధ్యలో ఒక గురువారం పడేలా చూసుకోండి. నాన్నకి సెలవు దొరక్కపోతే విశాఖ నుంచి కిరండూల్ రైలు అరకు, కొరాపుట్ మీదుగా జయపురం వస్తుంది, దారిలో యాభైకి పైగా సొరంగాలు. కిటికీ సీటు వచ్చేటప్పుడు చిన్నికి, పోయేటప్పుడు పండుకి.

మీ అమ్మమ్మ,
జయపురం

టవల్ ఇక్కడే ఉంది, నీలం రంగుది.