కన్సోల్‌లో కాపురం నిలవని కౌంటర్ స్ట్రైక్

2023 సెప్టెంబరు 27న వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ 2 అనే షూటర్‌ని, అంటే తుపాకీలతో పోరాడే గేమ్‌ని, విడుదల చేసింది. విండోస్‌కి ఇచ్చింది, లినక్స్‌కి ఇచ్చింది. ప్లేస్టేషన్ ఊసు గానీ ఎక్స్‌బాక్స్ ఊసు గానీ, అంటే టీవీకి తగిలించి ఆడే కన్సోల్స్ ఊసే ఎత్తలేదు. కాల్ ఆఫ్ డ్యూటీ, ఓవర్‌వాచ్, రెయిన్‌బో సిక్స్ సీజ్ లాంటి పేరున్న షూటర్లన్నీ టీవీ ముందు కూర్చుని ఆడుకునేలా ఎప్పుడో వచ్చేశాయి. వాలొరెంట్ కూడా 2024లో వచ్చేసింది. కౌంటర్ స్ట్రైక్ మాత్రం పీసీ వదిలి కదలడం లేదు.

అలాగని అది కన్సోల్ మొహం చూడని గేమేమీ కాదు. రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ అక్కడ నిలదొక్కుకోలేకపోయింది. ఎందుకని అడిగితే చాలామంది ఠక్కున చెప్పే జవాబు, మౌస్‌తో పెట్టే గురి బొటనవేలితో కుదరదని. అందులో నిజం లేకపోలేదు, కానీ అది సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే షూటర్లు పీసీ నుంచి కన్సోల్‌కి ఎలా నడిచి వచ్చాయో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి.

మొదట్లో గొడవంతా యంత్రం బలం గురించే. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే షూటర్‌ని ఇళ్లలోని కన్సోల్స్‌లోకి ఎక్కించడానికి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1994లో అటారీ జాగ్వార్ వెర్షన్‌ని, డూమ్ తయారుచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్‌కి చెందిన జాన్ కార్మాక్ స్వయంగా తయారుచేశాడు. అందులో ఆట సాగుతున్నంతసేపూ సంగీతం వినపడదు, ఎందుకంటే సంగీతం వినిపించాల్సిన చిప్‌ని వేరే లెక్కలకి వాడేసుకున్నాడు. 1995లో సూపర్ నింటెండోకి తెచ్చిన ర్యాండీ లిండెన్‌కి కన్సోల్ శక్తి చాలక, కార్ట్రిడ్జ్‌లోనే సూపర్ ఎఫ్ఎక్స్ 2 అనే అదనపు చిప్ పెట్టాల్సి వచ్చింది. అయినా నేల మీదా పైకప్పు మీదా బొమ్మలు పోయి ఉత్త రంగులే మిగిలాయి. రాక్షసులు ఎటు నడుస్తున్నా మొహం మనవైపే ఉంటుంది, వీపు బొమ్మలకి చోటు లేదు మరి.

ఇన్ని తిప్పల్లోనూ గురి గురించి పెద్దగా గోల లేదన్నది గమనించాలి. డూమ్‌లో తల పైకెత్తడం, దించడం ఉండవు. శత్రువు ఉన్న వైపు తిరిగితే చాలు, ఎత్తుపల్లాల సంగతి గేమే చూసుకుంటుంది. దానికి నాలుగు బాణాల బటన్ సరిపోయింది. 1996లో క్వేక్ వచ్చి, మౌస్‌తో అన్ని దిక్కులకీ చూడటం అలవాటయ్యాకే పీసీకీ కన్సోల్‌కీ మధ్య అసలు దూరం తెలిసొచ్చింది.

ఆ దూరం మీద గట్టి వంతెన కట్టింది 2001 నవంబరులో వచ్చిన హేలో. అది కూడా మొదట పీసీ బిడ్డే. 1999లో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌వరల్డ్ వేదిక మీద దాన్ని చూపించాడు, మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేస్తున్న బంగీ సంస్థని కొనేసి తన ఎక్స్‌బాక్స్‌కి మళ్లించుకుంది. అందులో ఎడమ స్టిక్‌తో నడుస్తాం, కుడి స్టిక్‌తో చూస్తాం. గురి శత్రువు మీదికి రాగానే స్టిక్ తిరిగే వేగం దానంతటదే తగ్గుతుంది. తూటా కొంచెం పక్కకి పోతున్నా గేమ్ దాన్ని లోపలికి లాగుతుంది. ఆడేవాడికి ఇదంతా తెలియదు, తనకే చెయ్యి తిరిగిందనుకుంటాడు. ఆ తర్వాత కన్సోల్ షూటర్లన్నీ ఏదో ఒక రూపంలో ఈ చెయ్యూత అందిస్తూనే ఉన్నాయి.

కౌంటర్ స్ట్రైక్ దగ్గర ఈ మంత్రం పారదు. ఏకే-47 తీసుకుని ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే తూటాలు మొదట పైకి పాకుతాయి, తర్వాత పక్కలకి ఊగుతాయి. ఆ ఊగడం గాలివాటం కాదు, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దారి పడుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు మౌస్‌ని సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి లాగుతూ కాలుస్తారు. పరిగెడుతూ కాలిస్తే తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఎడమకి వెళుతున్నవాడు ఒక్క క్షణం కుడి కీ తట్టి, కాళ్లకి బ్రేకు వేసి, ఆ రెప్పపాటులో కాల్చాలి. హెల్మెట్ ఉన్నా తలకి ఒక్క ఏకే తూటా తగిలితే ఆట కట్టు, రౌండ్ అయ్యేదాకా కూర్చుని చూడాల్సిందే. ఇలాంటి చోట గేమ్ తనంతట తానే గురి సర్దిపెడితే ఇక మిగిలే నైపుణ్యం ఏముంటుంది? మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో ల్యాన్ వైర్లు లాగి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన తరానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

గురి సంగతి ఇదీ. రెండో సగం గేమ్ పుట్టుకలోనే ఉంది. కౌంటర్ స్ట్రైక్‌ని 1999 జూన్‌లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు వాల్వ్ గేమ్ హాఫ్ లైఫ్‌కి మాడ్‌గా, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసిన ఆటగా, వదిలారు. మొదటి బీటాలో, అంటే ప్రయోగాత్మక వెర్షన్‌లో, ఉన్నది బందీలను విడిపించే ఆట ఒక్కటే. ఇవాళ కౌంటర్ స్ట్రైక్ అనగానే గుర్తొచ్చే బాంబు పెట్టడం, దాన్ని తీసేయడం నాలుగో బీటాతో గానీ రాలేదు. తప్పించుకుని పారిపోయే తరహా ఇంకోటి పెట్టారు, నడవలేదు, తీసేశారు. జనం ఆడి చూసి తిడితే మార్చడం, మళ్లీ వదలడం, మళ్లీ తిట్టించుకోవడం, ఇదే పద్ధతి. వాల్వ్ ఇద్దరినీ చేరదీసి 2000 నవంబరులో 1.0ని దుకాణాల్లో పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. కౌంటర్ స్ట్రైక్‌కి పూర్తయిన రూపమంటూ ఎన్నడూ లేదు. నా లెక్కలో దాని కన్సోల్ కష్టాలన్నిటికీ మూలం ఇదే.

2003 శరదృతువులో ఈ వైరుధ్యం పక్కపక్కనే కనిపించింది. ఆ సెప్టెంబరు 12న వాల్వ్ స్టీమ్‌ని అధికారికంగా మొదలుపెట్టింది, దాంతోపాటే కౌంటర్ స్ట్రైక్ 1.6 వచ్చింది. ఇప్పుడు పీసీ గేమ్‌ల దుకాణంగా తెలిసిన స్టీమ్ మొదట్లో చేసిన ముఖ్యమైన పని ప్యాచ్‌లు, అంటే గేమ్‌లో చేసిన మార్పులు, పంచడమే. ఆడేవాడు వెతుక్కుని దింపుకోకుండా గేమ్ తనంతట తానే మారిపోవాలి. అప్పట్లో దాన్ని తిట్టనివాడు లేడు, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్ల బాధ మరీనూ. రెండు నెలలు దాటాక, నవంబరులో, అదే గేమ్ డిస్కు రూపంలో ఎక్స్‌బాక్స్‌కి చేరింది.

డల్లాస్‌లోని రిచువల్ ఎంటర్‌టైన్‌మెంట్ పనిచేసిన ఆ వెర్షన్‌ని తీసిపారేయడానికి లేదు. ఎక్స్‌బాక్స్‌లో 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, హార్డ్ డిస్క్, నెట్ వైరుకి సాకెట్ అన్నీ ఉన్నాయి. అంటే 1998 నాటి ఇంజిన్ మీద నడిచే గేమ్‌కి యంత్రం చాలకపోవడమన్న మాటే లేదు. ఎక్స్‌బాక్స్ లైవ్ వచ్చి అప్పటికి ఏడాది, హెడ్‌సెట్‌లో జట్టుతో మాట్లాడుకుంటూ ఆడొచ్చు. నెట్ లేనివాళ్లకి కంప్యూటరే ఆడించే బాట్లు ఉన్నాయి. అన్నీ ఉన్నా మరుసటి నవంబరులో హేలో 2 వచ్చేసరికి కన్సోల్ జనం అటు మళ్లిపోయారు. హేలో 2 కంట్రోలర్ కోసమే పుట్టింది, ఇది అరువు తెచ్చుకున్నది. 2010 ఏప్రిల్ 15న మొదటి తరం ఎక్స్‌బాక్స్‌కి లైవ్ సేవలు ఆపేయడంతో దాని ఆన్‌లైన్ ఆట పూర్తిగా మూతపడింది.

ఈలోగా వాల్వ్‌కి ఇంకో దెబ్బ తగిలింది. 2007 అక్టోబరులో ఆరెంజ్ బాక్స్ అనే గేమ్‌ల కట్టతో దాని ఇంకో షూటర్ టీమ్ ఫోర్ట్రెస్ 2 వచ్చినప్పుడు పీసీలోనూ కన్సోల్‌లోనూ ఒకే గేమ్, ఆరే మ్యాపులు, అంటే ఆట జరిగే చోట్లు. పీసీలో ఆ తర్వాత కొత్త ఆయుధాలు, మ్యాపులు, టోపీలు వచ్చిపడుతూనే ఉన్నాయి, 2011లో గేమ్ ఉచితం కూడా అయింది. ఎక్స్‌బాక్స్ 360లో కొన్నవాడికి ఆ ఆరు మ్యాపులే మిగిలాయి. కన్సోల్‌లో ప్యాచ్ వేయాలంటే ముందు కన్సోల్ కంపెనీకి పంపాలి, వాళ్లు పరీక్షించి సరేననాలి, అప్పుడు గానీ అది జనానికి చేరదు. డబ్బు కూడా కట్టాలి. 2012లో ఫెజ్ అనే చిన్న గేమ్ తయారుచేసినవాళ్లు తమ ప్యాచ్‌లోని లోపం సరిదిద్దడానికి మళ్లీ పదివేల డాలర్ల లెక్కలో కట్టలేమని బాహాటంగానే చేతులెత్తేశారు. మైక్రోసాఫ్ట్ ఆ రుసుము ఎత్తేసింది 2013లో.

రెండో ప్రయత్నం సరిగ్గా ఈ రోజుల్లోనే. తమాషా ఏమిటంటే, కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ పుట్టిందే కన్సోల్ కోసం. కౌంటర్ స్ట్రైక్: సోర్స్ అనే అంతకుముందరి పీసీ గేమ్‌ని ఎక్స్‌బాక్స్‌కి తెచ్చే పని మీద హిడెన్ పాత్ ఎంటర్‌టైన్‌మెంట్ ఉండగా, అది చూసిన వాల్వ్ దీన్ని పూర్తి స్థాయి కొత్త గేమ్‌గా చేద్దామనుకుంది. 2011 ఆగస్టులో ప్రకటించినప్పుడు పీసీ, మ్యాక్, ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 నాలుగింటి పేర్లూ ఉన్నాయి. ప్లేస్టేషన్ 3 వాళ్లు పీసీ వాళ్లతో కలిసి ఆడతారని కూడా చెప్పారు. అంతకుముందే పోర్టల్ 2 అనే తన గేమ్‌తో వాల్వ్ స్టీమ్‌ని ప్లేస్టేషన్ 3లోకి కొంత తీసుకెళ్లింది కాబట్టి అది ఉత్తుత్తి మాటేమీ కాదు.

2012 మార్చి వచ్చేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. చెప్పిన కారణం గురి కాదు. పీసీ వెర్షన్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవాలి, కన్సోల్ అనుమతుల కోసం ఆగుతూ కూర్చోలేం, రెండుచోట్లా ఒకే వెర్షన్ లేకపోతే కలిసి ఆడటం కుదరదు. అంతే. పైగా ప్లేస్టేషన్ 3 వెర్షన్‌లో యూఎస్‌బీ మౌస్, కీబోర్డ్ పెట్టుకుని ఆడే వీలుంది! బొటనవేలి వాదన ఒక్కటే నిజమైతే ప్లేస్టేషన్ 3లోనైనా ఈ గేమ్ బతికి బట్టకట్టి ఉండాలి. కట్టలేదు.

2012 ఆగస్టు 21న 15 డాలర్లకి గేమ్ వచ్చింది. ఆ రోజు నాలుగు చోట్లా ఉన్నది దాదాపు ఒకే గేమ్. ఏడాది తిరక్కుండా దారులు చీలిపోయాయి. 2013 ఆగస్టులో ఆర్మ్స్ డీల్ అనే అప్‌డేట్‌తో తుపాకులకి రంగులు, అంటే స్కిన్‌లు వచ్చాయి. పెట్టె దొరుకుతుంది, తాళంచెవి కొనాలి, లోపల వచ్చింది నచ్చకపోతే స్టీమ్ మార్కెట్‌లో అమ్ముకోవచ్చు. ఆ డబ్బులోంచే ఆ నవంబరులో స్వీడన్‌లోని డ్రీమ్‌హ్యాక్ గేమింగ్ పండగలో రెండున్నర లక్షల డాలర్ల బహుమతితో మొదటి మేజర్ టోర్నీ జరిగింది. చచ్చీచెడీ నడుస్తున్న గేమ్‌కి ఊపిరి పోసింది ఇదే. ఇందులో ఏదీ కన్సోల్‌కి చేరలేదు. సైలెన్సర్ ఉన్న ఎం4 రాలేదు, కొత్త మ్యాపులు రాలేదు, పాత మ్యాపుల్లో చేసిన మార్పులూ రాలేదు. ఎక్స్‌బాక్స్ 360లో అది 2012 నాటి గేమ్‌గానే ఉండిపోయింది.

అంత తరచుగా మార్చాల్సిన అవసరమేంటి అనేవాళ్లకి ఆర్8 రివాల్వర్ ఉదంతం చాలు. 2015 డిసెంబరులో పీసీలో దీన్ని ఆటలోని ఉత్తుత్తి డబ్బులో 850 డాలర్లకి పెట్టారు. ఛాతీకి కవచం ఉన్నా ఒక్క తూటాతో చంపేసేది. అదే పని చేసే ఏడబ్ల్యూపీ స్నైపర్ కొనాలంటే 4750 కావాలి. ఒక్క పూటలో ప్రతివాడి చేతిలో రివాల్వరే, మ్యాచ్‌లు నవ్వులపాలయ్యాయి. రెండు మూడు రోజుల్లోనే వాల్వ్ దాని పదును తగ్గించేసింది. అదే ప్యాచ్ పరీక్ష కోసం కన్సోల్ కంపెనీ బల్ల మీద ఉండి ఉంటే, ఆ రెండు మూడు రోజులు రెండు మూడు వారాలయ్యేవి.

కన్సోల్ కోసం చేసిన పని పూర్తిగా వృథా పోయిందనుకోవద్దు. స్టిక్‌తో తిప్పి ఆయుధం ఎంచుకోవడానికి వీలుగా గుండ్రటి కొనుగోలు మెనూ ఒకటి చేశారు. అది పీసీ వెర్షన్‌లోనూ అలాగే ఉండిపోయింది. కీబోర్డు మీద బీ నొక్కి అంకెలు కొట్టి తుపాకీ కొనే పీసీ ఆటగాళ్లు పదకొండేళ్లు ఆ చక్రాన్నే చూశారు. కౌంటర్ స్ట్రైక్ 2తో గానీ దాన్ని తీసి వరుసల మెనూ పెట్టలేదు.

మిగతావాళ్లు మాత్రం దారులు వెతుక్కున్నారు. ఓవర్‌వాచ్ 2016లో టోర్బ్యోర్న్ అనే పాత్ర నిలబెట్టే టరెట్ (తనంతట తానే కాల్చే తుపాకీ) దెబ్బని కన్సోల్‌లో మాత్రమే 30 శాతం తగ్గించింది, స్టిక్‌తో ఆడేవాళ్లు దాన్ని ఎదుర్కోలేకపోతున్నారని. రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆటగాళ్ల మధ్య పోటీల్లో గురి సాయం అసలు ఇవ్వలేదు. కన్సోల్‌కి దొంగచాటుగా మౌస్ తగిలించేవాళ్లని పట్టుకునే పద్ధతి 2023లో తెచ్చింది. వాలొరెంట్ పీసీ వాళ్లనీ కన్సోల్ వాళ్లనీ అసలు కలపనే కలపలేదు. స్కిన్‌లు, ఖాతా రెండుచోట్లా ఒకటే గానీ ఎవరి మ్యాచ్‌లు వాళ్లవి. తుపాకీని నిదానంగా తిప్పి గురి చూసుకునేందుకు ఫోకస్ అనే విధానం మాత్రం కంట్రోలర్ వాళ్లకి విడిగా పెట్టింది. ప్యాచ్‌ల అనుమతులు కూడా ఇప్పుడు 2012లో ఉన్నంత నరకం కాదు.

అంటే రెండు పాత అడ్డంకులూ చాలావరకు తొలగినట్టే. ఇప్పుడున్నది మూడోది, నా అభిప్రాయంలో అన్నిటికంటే గట్టిది. 2025లో ఒకే సమయంలో 18 లక్షల మందికి పైగా కౌంటర్ స్ట్రైక్ 2 ఆడారు. వాళ్ల స్కిన్‌లన్నీ స్టీమ్ ఖాతాల్లో ఉన్నాయి, స్టీమ్ మార్కెట్‌లో అమ్ముడుపోయినప్పుడల్లా వాల్వ్‌కి 15 శాతం ముడుతుంది. సోనీ, మైక్రోసాఫ్ట్ తమ దుకాణంలో జరిగే అమ్మకాల్లో మామూలుగా 30 శాతం పుచ్చుకుంటాయి, ఆటగాళ్లు సరుకు తమలో తాము అమ్ముకునే సంత వాళ్ల దగ్గర లేదు. ఇలాంటి పాడియావుని పక్కింటి దొడ్లో కట్టేయడానికి వాల్వ్‌కి ఏం అవసరం?

దానికి బదులు వాల్వ్ పీసీనే హాల్లోకి తేవాలని చూస్తోంది. 2015లో తెచ్చిన మొదటి స్టీమ్ మెషీన్లు చతికిలబడ్డాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ నిలబడింది. 2025 నవంబరులో మళ్లీ స్టీమ్ మెషీన్ పేరుతోనే టీవీ కింద పెట్టుకునే పెట్టెని, రెండు టచ్‌ప్యాడ్‌లున్న కొత్త కంట్రోలర్‌ని 2026లో తెస్తామని ప్రకటించింది. అందులో నడిచేది లినక్స్. కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్ వెర్షన్ విడుదలైన రోజు నుంచీ ఉంది. దాన్ని అక్కడ ఆడేవాళ్లు 18 లక్షల మందితో పాటు అవే సర్వర్లలో, అవే ప్యాచ్‌లతో, మౌస్ పట్టుకున్నవాళ్ల ఎదురుగానే ఆడాల్సి ఉంటుంది.