లేని గొంతులు వినేవాళ్ళకి లేని ప్రపంచం చూపించి థెరపీ, ఇది ఎక్కడ మొదలైంది

స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళకి వీఆర్‌తో, అంటే కళ్ళకి హెడ్‌సెట్ పెట్టి కంప్యూటర్ ప్రపంచం చూపించే వర్చువల్ రియాలిటీతో, థెరపీ అనగానే ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే, అసలే లేని మాటలు వినపడుతున్న మనిషికి ఇంకో లేని ప్రపంచం చూపిస్తే ఉన్న జబ్బు ముదరదా అని. డాక్టర్లలోనూ చాలామందికి ఈ భయం ఉండేది. అందుకే 1990ల్లోనే ఎత్తులంటే భయపడేవాళ్ళకి వీఆర్ చికిత్స మొదలైనా సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి, స్కిజోఫ్రీనియాలో ఉండేది ఇదే) జోలికి తొందరగా ఎవరూ పోలేదు.

పోయిన కొద్దిమందిలో బ్రిటన్ సైకాలజిస్ట్ డేనియల్ ఫ్రీమన్ ఒకరు, అదీ ముందు చికిత్స కోసం కాదు, అనుమానాన్ని కొలవడానికి. ఎవరైనా వచ్చి రైల్లో అందరూ నన్నే చూస్తున్నారు అంటే అది భ్రమో నిజమో మనం తేల్చలేం కదా, ఎవడో ఒకడు నిజంగానే చూసుండొచ్చు. వీఆర్‌లో ఆ గొడవ లేదు, అందులో కనిపించే మనుషులు కంప్యూటర్ బొమ్మలే, బొమ్మలకి ఏ ఉద్దేశమూ ఉండదు, అందరికీ అవే బొమ్మలు, అవే చూపులు. 2008లో వచ్చిన స్టడీలో 200 మంది మామూలు జనాన్ని (పేషెంట్లు కాదు) లండన్ అండర్‌గ్రౌండ్ రైలు సీన్‌లోకి పంపితే, అవే బొమ్మల్ని చూసి కొందరు మంచివాళ్ళలా ఉన్నారన్నారు, కొందరు మాత్రం నా మీద ఏదో కక్షతో ఉన్నారన్నారు. అంటే అనుమానం జబ్బున్నవాళ్ళ సొత్తేం కాదన్నమాట.

ఇంకోవైపు జూలియన్ లెఫ్ అనే సైకియాట్రిస్ట్‌ది వేరే దారి, దాని పేరు అవతార్ థెరపీ. మందులు వాడినా దాదాపు నలుగురిలో ఒకరికి ఆ గొంతులు పోవు, మరి ఆ గొంతుకి ఒక మొహం ఇచ్చి ఎదురుగా కూర్చోబెడితే? పేషెంటే కంప్యూటర్లో ఆ మొహం, ఆ గొంతు తయారుచేసుకుంటాడు, థెరపిస్ట్ వేరే గదిలో కూర్చుని మార్చిన గొంతుతో, పేషెంట్‌కి వినపడే ఆ తిట్లే తిడతాడు, మధ్యలో తన సొంత గొంతుతో "ఊరుకోకు, ఎదురు చెప్పు" అంటాడు, రోజులు గడిచేకొద్దీ ఆ బొమ్మ నోరు తగ్గించుకుని మెత్తబడుతూ వస్తుంది. 2013లో వచ్చిన చిన్న స్టడీలో థెరపీ పూర్తిచేసిన 16 మందిలో ముగ్గురికి గొంతులు పూర్తిగా ఆగిపోయాయి. ఇదంతా మామూలు స్క్రీన్ మీదే, హెడ్‌సెట్‌తో చేసింది తర్వాత మాంట్రియల్ వాళ్ళు.

అయితే 2017లో 150 మందితో చేసిన ట్రయల్ కొంచెం నీళ్ళు చల్లింది. 12 వారాలకి మామూలు కౌన్సెలింగ్ కంటే ఇదే బాగా పనిచేసింది, 24 వారాలకి మాత్రం రెండింటికీ తేడా లేదు. 2024లో 345 మందితో మళ్ళీ చేశారు, ఈసారి ఒక్కొక్కరి జీవితకథని బట్టి నడిపిన పెద్ద కోర్సులో 28 వారాల తర్వాత కూడా గొంతులు వినపడడం తగ్గే ఉంది.

ఈలోగా హెడ్‌సెట్లు చవకయ్యాయి, ఫ్రీమన్ కొలవడం నుంచి చికిత్సకి వచ్చేశారు. 2022లో వచ్చిన గేమ్‌చేంజ్ (బయటికెళ్ళాలంటే ఉండే భయం తగ్గించే వీఆర్ థెరపీ) ట్రయల్‌లో సైకోసిస్ ఉన్న 346 మంది, సీన్లు ఏంటంటే కేఫ్, షాపు, బస్సు, డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్ లాంటివి, అంతే, రాక్షసులూ లేరు ఏమీ లేరు. గడప దాటడానికే బాగా భయపడేవాళ్ళకే దీంతో ఎక్కువ మేలు జరిగింది. మొదట్లో వీఆర్ చూపిస్తే జబ్బు ముదురుతుందేమో అని భయపడింది ఇలాంటివాళ్ళ గురించే మరి!

ఇందులో కోచ్ కూడా బొమ్మే కాబట్టి పక్కన సైకాలజిస్టే ఉండాలని లేదు, వేరే స్టాఫ్ ఎవరైనా నడిపించొచ్చు. అవతార్ థెరపీలో మాత్రం ఆ తిట్లు తిట్టాల్సిందీ, టైము చూసి తగ్గాల్సిందీ ట్రైనింగ్ ఉన్న మనిషే.