అపోహలు - వాస్తవాలు: కొరియన్ పులుసులో నూడుల్స్

రక్తపోటు ఉన్నవారికి ఆహార సలహాలు చెప్పే నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్న మొదటి ప్రశ్న, "నూడుల్స్ మీద మైనం పూస్తారట కదా?" అన్నది. పూయరు. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను ఆవిరిపై ఉడికించి, ఎక్కువగా పామాయిల్‌లో వేయించి ఆరబెడతారు. మరిగే నీటిపై తేలేది ఆ నూనే. అవి మూడు రోజుల పాటు అరగవన్నది ఉత్త పుకారు. రుచి కోసం వేసే అజినోమోటో అంటే భయపడేవారూ ఉన్నారు; దానికి రోజువారీ పరిమితి అంకె అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1987లోనే తేల్చింది.

మనుషులను ఆసుపత్రి దాకా తెస్తున్న అపోహ వేరే ఉంది: "ఇంట్లో కిమ్చి (కొరియన్ క్యాబేజీ ఊరగాయ), గుడ్డు, కూరగాయలు వేసి వండుకుంటున్నాం కనుక ఏమీ కాదు." గుడ్డు మాంసకృత్తులనిస్తుంది, కూరగాయలు పీచునిస్తాయి, కానీ గిన్నెలో పడిన ఉప్పును ఏదీ వెనక్కి తీయదు. ఉదాహరణకు బుదే జిగె అనే కొరియన్ వంటకాన్నే చూడండి. కొరియా యుద్ధం తరువాతి కరవు రోజుల్లో, అమెరికా సైనిక స్థావరాల నుంచి బయటికి వచ్చిన స్పామ్ (డబ్బాలో నిలవ చేసిన పంది మాంసం), సాసేజ్‌లతో పుట్టిన పులుసు అది. 1963లో కొరియాలో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారయ్యాక అవీ అందులో చేరాయి. స్పామ్, సాసేజ్, కిమ్చి, గోచుజాంగ్ (పులియబెట్టిన మిరప ముద్ద) అన్నీ ఉప్పుతో నిలవ ఉండేవే. అందుకే అక్కడి హోటళ్లలో ఆ పులుసులో వేసే నూడుల్స్‌ను, "సారి" అని పిలుస్తూ, మసాలా పొడి లేకుండా విడిగా వేస్తారు. మన ఇళ్లలో మాత్రం ప్యాకెట్ చింపాక పొడిని పారేయడానికి చేయి రాదు. కొరియన్ రామ్యన్ (అక్కడి ఇన్‌స్టంట్ నూడుల్స్) ప్యాకెట్ ఒక్కదానిలోనే చాలావరకు 1,700 నుంచి 1,900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారికి రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు, అంటే 5 గ్రాముల ఉప్పు లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నిరుడు కాళ్ల వాపుతో వచ్చిన ఒక పెద్దాయన వెంట కూతురు కూడా వచ్చింది. "నేను రెండుసార్లు ఉడకబెట్టి మైనం అంతా వార్చేశాను మేడమ్" అన్నది. పొడి సంగతి అడిగితే, రెండు ప్యాకెట్లదీ వేశానన్నది. మిగిలిన పులుసులో నాన్నగారు అన్నం కలుపుకొని గిన్నె ఖాళీ చేశారట. ఆమె కళ్లలో నీళ్లు చూశాక మందలించాలనిపించలేదు. పైగా ఆమె జాగ్రత్త పూర్తిగా వృథా కూడా కాదు: వార్చిన నీటితో కొంత నూనె, పిండిలో కలిపిన ఉప్పులో కొంత పోతాయి.

కనుక నూడుల్స్‌ను విడిగా ఉడికించి వార్చి, పొడి వేయకుండా పులుసులో కలపండి. తిన్నాక పులుసును గిన్నెలోనే వదిలేయండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సోడియం తక్కువని అమ్మే ఉప్పును వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు, ఎందుకంటే అందులో పొటాషియం ఉంటుంది.

ఆ పెద్దాయన ఇప్పుడు నెలకొకసారి ఇలాగే తింటున్నారు. వచ్చిన ప్రతిసారీ రుచి పోయిందని నాపై ఫిర్యాదు మాత్రం మానలేదు.