డిగ్రీ మధ్యలో ఏడాది పరదేశం: నేను తరచూ వినే అపోహలు

ఇంగ్లండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధిస్తాను. మూడో ఏడాది వేరే దేశంలో చదివే విద్యార్థుల మంచిచెడ్డలు చూసే పని కూడా కొన్నేళ్లుగా నా మీదే ఉంది. ఇక్కడ దాన్ని ఇయర్ అబ్రాడ్ అంటారు. రెండేళ్లు ఇక్కడ, ఒక ఏడాది పారిస్‌లోనో జర్మనీలోని మాన్‌హైమ్‌లోనో, చివరి ఏడాది మళ్లీ ఇక్కడ. మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లవుతుంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు, ఇంటర్ ముగించి నేరుగా హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే పిల్లలు ఇప్పుడు నా తరగతుల్లో అక్కడక్కడా కనిపిస్తున్నారు. పిల్లలకంటే ముందు అమ్మానాన్నల ఫోన్లు వస్తాయి. తిప్పి తిప్పి అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి, ఒకసారి రాసి పెడితే నాకూ శ్రమ తగ్గుతుంది.

అపోహ: సోషలే కదా, దానికి మళ్లీ ఇంకో దేశం ఎందుకు?

మన బడుల్లో సోషల్ అంటే రాజుల పేర్లు, నదుల పొడవులు, మ్యాప్ పాయింటింగు. ఎంపీసీ రానివాళ్లు హెచ్ఈసీలో చేరతారన్న లెక్క ఇంకా పోలేదు. ఎకనామిక్స్ అనగానే మాత్రం గొంతులో కాస్త గౌరవం వస్తుంది. అదీ సామాజిక శాస్త్రమేనండీ అంటే అవతలివైపు కాసేపు నిశ్శబ్దం.

గురుత్వాకర్షణ మాంచెస్టర్‌లోనూ మార్సెయ్‌లోనూ ఒకటే. సమాజాన్ని లెక్కపెట్టే పద్ధతి మాత్రం ఒకటి కాదు. నేను తరగతిలో చెప్పే ఉదాహరణే ఇక్కడా చెబుతాను. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో 1991 నుంచి మీరు ఏ జాతి సమూహానికి చెందినవారని అడుగుతున్నారు. మన పిల్లలు చిన్నప్పటి నుంచి బడి దరఖాస్తులోనూ ఆసుపత్రి దరఖాస్తులోనూ 'ఇండియన్' అన్న గడిలో టిక్కు పెట్టి పెట్టి, ప్రపంచమంతా ఇలాగే ఉంటుందనుకుంటారు. ఫ్రాన్స్ వెళ్తే ఆ గడే లేదు. అక్కడి జనగణన జాతిని గానీ మతాన్ని గానీ అడగదు. 1978 నాటి సమాచార రక్షణ చట్టం అలాంటి వివరాల సేకరణను గట్టిగా కట్టడి చేసింది. జాతి మూలాలపై గణాంకాలకు దారి తెరవబోయిన నిబంధనను 2007లో రాజ్యాంగ మండలి కొట్టేసింది. పౌరులందరూ సమానమైనప్పుడు విడదీసి లెక్కపెట్టడమే వివక్ష అని ఒక వాదం. లెక్కే లేకపోతే వివక్షను చూపించేదెలా అని మరో వాదం. ఈ రెండూ పుస్తకంలో చదివితే ఒక పేరా. అక్కడి సెమినార్‌లో ఆ దేశపు పిల్లల మధ్య కూర్చుని, మీ దేశంలో మనుషులను రంగునుబట్టి గళ్లలో వేస్తారట కదా అని వాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పాల్సి రావడం వేరు.

పైగా తెలుగు పిల్లలకు మూడో లెక్క కూడా ఇంట్లోనే ఉంటుంది. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కులగణన మొదలైనప్పుడు తాతయ్య, బాబాయిలు ఫోన్లో వాదులాడుకోవడం వాళ్లు విన్నారు. బ్రిటన్ జాతిని అడుగుతుంది, ఫ్రాన్స్ ఏమీ అడగదు, మన దగ్గర కులం అడగాలా వద్దా అన్నదే రాజకీయం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడగల విద్యార్థి మా విభాగానికి దొరకడం అరుదు. ఆ పిల్లలేమో ఇంటి సంగతి తరగతిలో చెప్పడానికి సిగ్గుపడుతుంటారు.

అపోహ: ఆ ఏడాది సెలవుల్లాంటిది, మార్కులు లెక్కలోకి రావు.

ఇది సగం నిజం, అందుకే ప్రమాదకరం. చాలా విశ్వవిద్యాలయాల్లో విదేశీ సంవత్సరం మార్కులు డిగ్రీలో ఫస్ట్ క్లాసా సెకండ్ క్లాసా అన్నది నిర్ణయించవు, పాసైతే చాలు. కొన్నింటిలో మాత్రం కొంత శాతం కలుస్తుంది. మీ కోర్సు నిబంధనల పుస్తకంలో ఆ వాక్యం వెతికి చూసేదాకా ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా.

పాసు కావడమూ అంత తేలిక కాదు. చదువు భారాన్ని కొలవడానికి ఐరోపా దేశాలు వాడే ఉమ్మడి కొలత ఈసీటీఎస్. ఏడాదికి 60 ఈసీటీఎస్ క్రెడిట్లు పూర్తి భారం, ఇక్కడి 120 క్రెడిట్లకు సమానం. ఏయే పాఠాలు చదవాలో వెళ్లేముందే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో రాసి విద్యార్థి, రెండు విశ్వవిద్యాలయాలు సంతకాలు చేస్తారు. అక్కడికెళ్లాక సగం పాఠాలు మారతాయి: ఒకటి నిండిపోయింది, ఒకటి ఈ సెమిస్టర్‌లో లేదు, ఒకటి ఇంకోదానితో సమయం ఢీకొంటుంది. మారితే పర్వాలేదు, మార్చినట్టు మాకు చెప్పాలి. ఒక విద్యార్థిని మొదటి వారంలో రెండు పాఠాలు మార్చుకుని, ఆ సంగతి జూన్‌లో చెప్పింది. ఆ క్రెడిట్లు ఒప్పించడానికి ఆ వేసవి మొత్తం ఉత్తరాలు రాశాను. అందరికీ అలా కుదరదు. చాలా చోట్ల ఆ ఏడాది తప్పితే డిగ్రీ పోదు గానీ, పట్టా మీద 'విత్ ఎ ఇయర్ అబ్రాడ్' అన్న మాట పోతుంది.

ఇక మార్కుల కొలతలు. ఇంటర్‌లో వెయ్యికి 980 చూసిన కళ్లకు ఇక్కడి 62 శాతమే నీరసంగా కనిపిస్తుంది, అది మంచి మార్కే అయినా. సరిహద్దు దాటితే ఇంకా విచిత్రం. ఫ్రాన్స్‌లో ఇరవైకి వేస్తారు. పది వస్తే గట్టెక్కినట్టు, పద్నాలుగు వస్తే పండగ, ఇరవై దేవుడికి మాత్రమే అని అక్కడివాళ్లే చమత్కరిస్తారు. ఇటలీలో ముప్పైకి, పద్దెనిమిది పాసు. డెన్మార్క్‌లో పన్నెండు అన్నిటికంటే పైన, అట్టడుగున మైనస్ మూడు. నెదర్లాండ్స్‌లో పదికి ఎనిమిది వస్తే ఇంటికి ఫోన్ చేయవచ్చు. జర్మనీలో అంతా తిరగబడి ఉంటుంది: 1.0 అన్నిటికన్నా మేలు, 4.0 దాటితే తప్పినట్టే. ఒక తండ్రి అర్ధరాత్రి ఫోన్ చేసి, సార్, మా అమ్మాయికి 1.3 వచ్చిందట, ఇప్పుడు ఏం చేయాలి అని దిగులుగా అడిగారు. స్వీట్లు పంచండి అన్నాను.

అపోహ: రెండు చోట్లా ఫీజు కట్టాలి.

లేదు. రెండు విశ్వవిద్యాలయాల మధ్య మార్పిడి ఒప్పందం ఉంటే మీరు చేరిన చోటే ట్యూషన్ ఫీజు కడతారు, వెళ్లిన చోట కట్టరు. ఇంగ్లండ్‌లో హోం విద్యార్థులకు, అంటే ఇక్కడే స్థిరపడిన కుటుంబాల పిల్లల వంటివారికి, 2025-26లో ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు. ఏడాదంతా విదేశంలో చదివితే అందులో 15 శాతానికి, అంటే 1,430 పౌండ్లకు మించి అడగకూడదు. ఈ పరిమితి స్టూడెంట్ వీసాపై వచ్చినవారికి వర్తించదు. వాళ్లకు ఎంతన్నది విశ్వవిద్యాలయం ఇష్టం. చేరకముందే రాతపూర్వకంగా అడిగి ఆ జవాబు దాచుకోండి. వీసా నాలుగేళ్లకు తీసుకుంటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము, మీరు ఇక్కడ లేని ఆ ఏడాదికి కూడా కట్టాలి. అది ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చదు.

సాయం సంగతి. విద్యార్థులు ఐరోపాలో వేరే దేశం వెళ్లి చదవడానికి సాయం చేసే, 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం నుంచి బ్రిటన్ 2020 ముగిసేసరికి బయటికొచ్చింది. 2021 నుంచి దాని స్థానంలో ట్యూరింగ్ పథకం నడుస్తోంది. వేల్స్‌కు వేరుగా తైత్ అనే పథకం ఉంది. 2027లో బ్రిటన్ మళ్లీ ఎరాస్మస్ ప్లస్‌లో చేరుతుందని 2025 డిసెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ట్యూరింగ్ డబ్బుకు విశ్వవిద్యాలయమే ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి కాబట్టి, నిరుడు సీనియర్‌కు వచ్చినంత మీకూ వస్తుందని లెక్క వేసుకోకండి.

అపోహ: బ్రిటన్ వీసా ఉంది కాబట్టి ఐరోపా అంతా తిరగవచ్చు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఈ ఒక్క మాట దగ్గర దెబ్బ తింటారు. బ్రిటన్ వీసా ఇంగ్లిష్ కాలువ దాటదు. ఫ్రాన్స్‌కు దీర్ఘకాల విద్యార్థి వీసా వేరుగా తీసుకోవాలి, చేరిన మూడు నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. జర్మనీ వీసాకు సాధారణంగా ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని తప్ప తీసుకోలేని ఖాతాలో, చూపించాలి. అది ఫీజు కాదు, మీ డబ్బే. నెలకు 992 యూరోల చొప్పున మీ చేతికే తిరిగి వస్తుంది. కానీ ముందు అంత మొత్తం ఒక్కసారిగా సర్దాలి కదా. చీటీ ఎత్తుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు.

వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు. జూన్‌లో పరీక్షలు కాగానే ఇంటికి ఎగిరిపోయి, ఆగస్టులో వీసా గుర్తుకొచ్చిన పిల్లలను ఎన్నిసార్లు చూశానో. పెళ్లిళ్లు వచ్చే ఏడాది కూడా ఉంటాయి. వీసా పని ముగిశాకే టికెట్ కొనండి.

అపోహ: అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, భాష అక్కరలేదు.

ఆమ్‌స్టర్‌డ్యామ్, కోపెన్‌హాగెన్, పారిస్‌లోని సియాన్స్ పో విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇంగ్లిష్ పాఠాలతోనే ఏడాది గడిచిపోతుంది. (సియాన్స్ పోలో అయితే వాళ్ల సొంత విద్యార్థులే మూడో ఏడాది దేశం బయట గడపాలి, అది డిగ్రీలో భాగం.) కానీ ఇంగ్లిష్ పాఠాల జాబితా సాధారణంగా చిన్నది, అందులో మీలాంటి అతిథి విద్యార్థులే ఎక్కువ. ఊళ్లోవాళ్లు చదివే పాఠాలకు ఊరి భాష కావాలి. జర్మన్ పాఠాలకు సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడి చదవగలిగేంత భాష, అడుగుతారు. ఇది మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాల్సిన పని.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మన గడ్డ మీద ఉండగానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రు దేశపు పాస్‌పోర్టు కావడంతో హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లే వీల్లేకపోయింది. ఆ కట్టుబాటులోనే చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య పనిచేశారు, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మకాం పెట్టి గోండీ నేర్చుకున్నారు. మా పిల్లలకు పది నెలలే ఉంటాయి, నిజమే. అయినా కూరగాయల కొట్టులో, బస్సులో, పక్కింటి ముసలమ్మతో మాట్లాడగలిగే భాష వస్తే, ఆ సమాజం మీకు కనిపించే తీరే మారిపోతుంది.

అపోహ: అక్కడే నలుగురిని ఇంటర్వ్యూ చేసేస్తే చివరి ఏడాది డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) అయిపోతుంది.

ఆగండి. మనుషులను ప్రశ్నించే ఏ పరిశోధనకైనా ముందు మీ విశ్వవిద్యాలయపు నైతిక సమీక్ష సంఘం అనుమతి కావాలి. రికార్డు చేసి తెచ్చాక అనుమతి ఇవ్వరు. ఆ మాటలను పక్కన పెట్టేయమంటారు, నేనూ అదే అంటాను. ఎవరిని అడుగుతున్నారు, ఎలా ఒప్పించారు, రికార్డులు ఎక్కడ దాస్తారు అన్నది అవతలి మనిషి భద్రతకు సంబంధించిన విషయం.

మీ భద్రత కూడా. కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తున్న జూలియో రెజేనీ అనే ఇటలీ యువకుడు కైరోలో కార్మిక సంఘాల మీద పనిచేస్తూ 2016 జనవరిలో మాయమయ్యాడు. కొద్ది రోజులకు చిత్రహింసల గుర్తులతో శవం దొరికింది. అతను పీహెచ్‌డీ విద్యార్థి, మీరు డిగ్రీ పిల్లలు. అయినా సమ్మెలు, సరిహద్దులు, పోలీసులు, మైనారిటీలు అంటూ ప్రతిపాదన తెచ్చినప్పుడు నేను ఎందుకు అన్ని ప్రశ్నలు వేస్తానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బ్రిటన్ విదేశాంగ శాఖ వెళ్లవద్దన్న చోటికి వెళ్తే విశ్వవిద్యాలయం బీమా సాధారణంగా వర్తించదు.

నన్నడిగితే ఇంటర్వ్యూలకంటే గణాంకాలకు ఆ ఏడాది వాడుకోండి. అంకెలంటే పారిపోయే పిల్లలే సమాజశాస్త్రంలో ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్, మాన్‌హైమ్ వంటి చోట్ల సర్వే పద్ధతులు, గణాంక విశ్లేషణ గట్టిగా నేర్పుతారు. తిరిగి వచ్చాక చివరి ఏడాదిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. మాన్‌హైమ్‌తో ఇంకో సౌకర్యం: జర్మనీలో చాలా చోట్ల శీతాకాలపు పాఠాలు అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా, వేసవి పాఠాలు ఏప్రిల్ నుంచి జూలై దాకా నడుస్తాయి. మాన్‌హైమ్ మాత్రం సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టి జూన్ కల్లా వదిలేస్తుంది. వేసవి ఇంటర్న్‌షిప్ కావాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

అపోహ: ఏడాది వెనకబడిపోతారు.

ఉద్యోగంలో చేరడం ఏడాది ఆలస్యమవుతుంది, ఆ ఏడాది జీతం పోతుంది. అది కాదనలేని లెక్క. కానీ వేసవి ఇంటర్న్‌షిప్‌లకు మీరు విదేశంలో ఉండగానే శరదృతువులో దరఖాస్తులు తెరుస్తారు, చాలావరకు ఆన్‌లైన్‌లోనే మాట్లాడతారు. ఆ సమయానికి అక్కడ కొత్త ఊరు, కొత్త గది అన్న హడావుడిలో ఉంటారు కాబట్టి తేదీలు జారిపోతాయి. జాగ్రత్త పడాల్సింది అక్కడ. చదువయ్యాక గ్రాడ్యుయేట్ రూటులో, అంటే బ్రిటన్‌లో ఉండి ఉద్యోగం చేసుకునే వీసా మీద, ఉండదలచినవారికి ఒక మాట: ఇప్పుడున్న రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు 18 నెలలకు తగ్గుతాయి. ఏడాది పొడిగిస్తే మీరు ఏ గీతకు అవతల పడతారో ముందే చూసుకోండి.

అపోహ: తిరిగి వచ్చాక అంతా మామూలే.

వెళ్లేటప్పటి బెంగకు అందరూ సిద్ధపడతారు. వచ్చాక పట్టుకునే బెంగ గురించి ఎవరూ చెప్పరు. మీతో మొదలుపెట్టినవాళ్లు మూడేళ్లకే పట్టా తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. లైబ్రరీలో, మెస్సులో, తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో కొత్త ముఖాలు. విదేశీ సంవత్సరం నుంచి మీతోపాటు తిరిగొచ్చిన నలుగురి ఫోన్ నంబర్లు అప్పుడు అక్కరకొస్తాయి.

ఇల్లు కూడా అంతే. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో గది దొరకకపోతే రావద్దని విశ్వవిద్యాలయమే చెప్పిన సందర్భం ఉంది కాబట్టి, వెళ్లే చోట గది కోసం అందరూ ముందే వెతుకుతారు. తిరిగొచ్చే చోటు సంగతి మాత్రం మరిచిపోతారు. ఇక్కడి విద్యార్థి పట్టణాల్లో వచ్చే ఏడాది ఇళ్లకు నవంబర్, జనవరి మధ్యే ఒప్పందాలు అయిపోతాయి. కాబట్టి పారిస్‌లో మొదటి చలి పడే వేళకే, ఇంగ్లండ్‌లో వచ్చే సెప్టెంబర్‌కు ఎవరితో కలిసి ఇల్లు తీసుకుంటారో తేల్చుకోండి.