జ్వరం సంగతి మెదడుకెవరు చెప్పారు?

చిరంజీవులకు,

"జ్వరమొస్తే ఒళ్లు కాలడం సరే తాతయ్యా, ఆడుకోవాలని కూడా ఎందుకనిపించదు? క్రిమి గొంతులో ఉంటే మెదడుకెలా తెలిసింది?" అని అడిగారు. జవాబు పెద్దది. నేను పనిచేసిన మూల ఒక్కటే చెబుతాను.

మెదడులో కాపలా కణాలుంటాయి. పేరు మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తెగా వెండి లవణంతో రంగు పట్టించి, వీటిని విడిగా గుర్తుపట్టి ఆ పేరు పెట్టాడు. కొమ్మల్లాంటి సన్నని చేతులుంటాయి. 2005లో బతికున్న చిట్టెలుక మెదడులోకి మైక్రోస్కోపుతో తొంగిచూస్తే, ఆ చేతులు ఊరికే ఉండకుండా చుట్టుపక్కల తడుముతూనే ఉన్నాయట.

నా చిన్నప్పుడు మాకో నల్లకుక్క ఉండేది. అది నిద్రపోయినా దాని చెవులు నిద్రపోయేవి కావు. మా నాన్న ఒక రకం ఈల వేస్తే మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని గేటు మీదకి దూకేది. ఇంకో రకం ఈల వేస్తే వచ్చి ఆయన కాళ్ల దగ్గర చుట్టచుట్టుకునేది. ఆ రెండో ఈల నేర్చుకోవాలని నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ముందు పన్ను ఊడిన రోజులు, ఎంత ఊదినా గాలే వచ్చేది. కుక్క నన్ను జాలిగా చూసేది.

మైక్రోగ్లియా వినే ఈలలు సైటోకైన్లు. రోగనిరోధక కణాలు కబురు పంపడానికి వదిలే చిన్న ప్రోటీన్లివి. కణం మీదుండే రిసెప్టర్లే చెవులు.

ఏ ఈలకి ఏం చేస్తాయో చూడాలంటే వాటిని ఫ్లాస్కులో పెంచాలి. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడు కణాలను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పది పదిహేను రోజులు ఉంచేవాళ్లం. వేరే కణాలు అడుగున చాపలా పరుచుకుంటే, మైక్రోగ్లియా వాటిపైన వదులుగా కూర్చుంటాయి. ఫ్లాస్కు కుదిపితే రాలిపడతాయి. వాటిని ఏరి చిన్న గుంటల ప్లేటులో వేస్తాం.

ఇప్పుడు ఈల. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ మిల్లీలీటరుకి కొన్ని పదుల నానోగ్రాములు, దానికి తోడు బాక్టీరియా పైపొర తునక కాస్త. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు! మర్నాడు పైనున్న ద్రవం కొంచెం తీసి గ్రీస్ రియేజెంట్ అనే పరీక్ష రసాయనం కలిపితే చూస్తూ చూస్తూ ఉండగానే గులాబీరంగు తిరుగుతుంది. కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదిలాయన్నమాట, అది క్రిముల మీద ప్రయోగించే ఆయుధం. ఈల వినని పక్క గుంట తెల్లగానే ఉంటుంది. అదే కణాలకి ఇంటర్‌ల్యూకిన్-4 అనే ఇంకో సైటోకైన్ ఇస్తే గొడవ మాని, మరమ్మతుకి పనికొచ్చే ఆర్జినేజ్ అనే ఎంజైము తయారుచేస్తాయి.

ఒకసారి ఏమీ ఇవ్వని గుంటలూ గులాబీ అయిపోయాయి. రెండు వారాల పని! టెన్షన్‌తో రాత్రి నిద్రలేదు. తీరా చూస్తే నేను కడిగిన సీసాలోనే బాక్టీరియా తునకలు మిగిలాయి. అవి మరిగించినా చావవు, అసలు బతికుంటేగా. చేతులు కడుక్కోమని మీ అమ్మ అరిచినప్పుడు నా సీసాని తలుచుకోండి.

ఒక్క మాట. కుక్కని కొత్తింట్లో వదిలితే అది మన కుక్కలా ఉంటుందా? ఫ్లాస్కులో మైక్రోగ్లియా కూడా చేతులు ముడుచుకుని గుండ్రంగా అయిపోతాయి. మెదడులో పక్క కణాలు టీజీఎఫ్-బీటా లాంటి ప్రోటీన్లతో "ఏం లేదులే, పడుకో" అని చెబుతూ ఉంటాయి. ప్లేటులో ఆ మాట చెప్పేవాళ్లు లేరు. అందుకే ప్లేటులో చూసిందంతా మెదడులోనూ జరుగుతుందని నేను ఒట్టేసి చెప్పను.

ఇక మీ జ్వరం. గొంతు దగ్గర మొదలైన ఈలలు రక్తంలోంచీ నరాలలోంచీ మెదడు దాకా వెళ్తాయి. అక్కడి మైక్రోగ్లియా విని, తామూ ఈల వేస్తాయి. మీరు బంతి పక్కన పెట్టి ముడుచుకుని పడుకుంటారు. ఒంట్లో బాగోని కుక్కా అంతే. ఎక్కడైనా కనిపిస్తే దగ్గరికెళ్లకండి, దూరంనుంచే చూడండి. ఏ మూల వెతుక్కుందో, పిలిస్తే చెవి కదిపిందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య